కుళ్లని నేల

"శనివారం సాయంత్రమే చూశానంటావు?"

"శనివారమేనండీ. పొద్దుగూకే యాళ. ఏలియాగాడు పార భుజానేసుకొని నిలబడ్డాడు. ఆ సర్కారాయన పుస్తకం చంకన పెట్టుకొని నిలబడ్డాడు. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటన్నారు."

డిటెక్టివ్ పున్నారావు ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. చిన్నకోటయ్య మూడుసార్లూ ఒక్క మాట తేడా లేకుండా చెప్పాడు. నిజం చెప్పేవాడు చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మరిచిపోతాడు, ఒక ముక్క కలుపుతాడు. పద్యం అప్పజెప్పినట్టు చెప్పేవాడికి వెనక ఒక పంతులు ఉంటాడు. పున్నారావు పోలీసు కొలువులో ఉన్నన్నాళ్లూ నేర్చుకున్నది ఇదొక్కటే. కొలువు వదిలేశాక కూడా తిండి పెడుతున్నది ఇదే.

వాళ్లు కూర్చున్నది ఏలియా పొలం గట్టు మీద. ఎకరం చెక్క. దానికి ఎగువన, మాచర్ల రైలు కట్టకు ఇవతలగా గోపాలకృష్ణయ్య కబేలా ఉంది. యుద్ధం ముదిరాక పటాలానికి ఎండుమాంసం పంపే కంట్రాక్టు ఆయనకు దొరికింది. పశువులను కోయడం, మాంసం ఆరబెట్టడం, తోళ్లకు ఉప్పు పట్టించడం అన్నీ అక్కడే. కడిగిన నీళ్లు, నెత్తురు, పేగుల్లో పెంట, తోళ్ల నుంచి కారే ఉప్పు ఊట ఒక కాలవలో కలిసి వాలుకు ఈ చెక్కలోకి దిగుతాయి. మూడేళ్లుగా దిగుతూనే ఉన్నాయి. పొలాలు పాడైపోతున్నాయని ఊరి రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారు. ఏలియా కూడా అందులో వేలిముద్ర వేశాడు. నేల చూసి రాయమని సర్కారు బ్రహ్మానందం అనే వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరును పంపింది.

బ్రహ్మానందం బుధవారం పొద్దున రైలు దిగాడు. తిరిగి ఎక్కలేదు. మరుసటి సోమవారం ఈ పొలంలోనే మోకాటి లోతున శవమై దొరికాడు. తల వెనక పార దెబ్బ. నరసరావుపేట డాక్టరు శవాన్ని చూసి, చచ్చి రెండు రోజులు దాటలేదన్నాడు. రెండు రోజులంటే శనివారం. శనివారం ఏలియా ఆయనతో పోట్లాడుతుంటే చూశానని చిన్నకోటయ్య చెప్పాడు. పొలం బాగానే ఉందని రాస్తానన్నందుకు పార ఎత్తాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కోదండపాణి తేల్చాడు. రేపు పొద్దున మేజిస్ట్రేటు కేసును గుంటూరు సెషన్సుకు పంపుతాడు. ఆ మెట్టు ఎక్కితే ఏలియా లాంటివాడు మళ్లీ ఇంటి మొహం చూడడు.

ఏలియా భార్య హన్నమ్మ సత్తెనపల్లి దాకా నడిచి వచ్చి పున్నారావు అరుగు మీద కూర్చుంది. "కోడిని కొయ్యాలంటే నన్ను పిలుస్తాడయ్యగారూ ఆయన" అన్నది. ఇంకేమీ చెప్పలేదు. ఏడవలేదు కూడా. ఇప్పుడు గడ్డపార పట్టుకొని పొలం మధ్య నిలబడి ఉంది, ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వడానికి.

పున్నారావు చుట్ట ముట్టించి, బుధవారం రైలు దిగిన మనిషి శనివారం దాకా ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అని అడిగాడు. గురజాల సత్రంలో ఉన్నాడని విన్నానన్నాడు కోటయ్య. సత్రంలో లేడు, నిన్ననే కనుక్కొచ్చానన్నాడు పున్నారావు. అయితే ఎవరింట్లోనో ఉండుంటాడన్నాడు కోటయ్య. ఈ ఊళ్లో సర్కారు మనిషి ఎవరింట్లోనైనా పడుకుంటే ఊరందరికీ తెలియదా అని అడిగాడు పున్నారావు. కోటయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"సోమవారం శవం బయటపడ్డప్పుడు పంచనామాకు కూర్చున్న పంచాయతుదారుల్లో నువ్వూ ఉన్నావు కదూ?"

"ఉన్నానండీ."

"అప్పుడు శనివారం చూశానని ఎందుకు చెప్పలేదు? డాక్టరు రెండు రోజులన్నాడని ఊళ్లోకి కబురొచ్చాక, మంగళవారం నాడు గదా నీకు గుర్తొచ్చింది?"

"బయమేసి చెప్పలేదండీ."

"మంగళవారానికి భయం తీరిందా?"

పున్నారావు అక్కడితో వదిలేశాడు. ఎండ్రకాయను కలుగులోంచి లాగాలంటే చెయ్యి పెట్టకూడదు, నీళ్లు పోయాలి. ఆ నీళ్లేవో ముందు దొరకాలి.

శవం దొరికిన గుంట అలాగే ఉంది. పూడ్చే దిక్కు లేదు. పున్నారావు అంచున గొంతుక్కూర్చున్నాడు. నేల పైన తెల్లటి పొర, అప్పడంలా పెళుసుగా ఉంది. దాని కింద జానెడు మందాన నల్లటి మడ్డి. ఎండి బిగుసుకుపోయి, గోటితో గీరితే మైనంలా చుట్టుకొస్తోంది. పుల్లటి కంపు. గడ్డిపోచ లేదు. చీమ లేదు. వానపాము బొరియ ఒక్కటీ లేదు. పల్నాటి నల్లరేగడి ఎండలకు బారెడేసి నెర్రెలు తీస్తుంది. ఈ నేల నోరు కూడా తెరవలేదు.

తవ్వమన్నాడు. హన్నమ్మ గడ్డపార వేసింది. రెండు పెళ్లలు లేచాక కింద జొన్నచొప్ప మొదళ్లు కనపడ్డాయి. ఒకటి లాగితే వేళ్లతో సహా వచ్చింది. విరిస్తే కణుపు దగ్గర ఫట్‌మని విరిగింది. నిన్న కోసినట్టుంది.

"ఇది ఏ యేటి చొప్ప?"

"ముందటేడుదయ్యగారూ. ఆ యేడు పైరు మనిషికి రెండు నిలువులు లేచింది. కంకి మాత్రం తాలు. కోపమొచ్చి కోయకుండా దున్నేశాడు."

ఇంకో రెండడుగులు పక్కన తవ్వితే మోదుగాకు విస్తరి ఒకటి బయటపడింది. పుల్లలు ఊడలేదు, ఆకు చిల్లులు పడలేదు. మట్టి దులిపితే అన్నం పెట్టుకొని తినొచ్చు. అది కూడా ఆ దుక్కి నాటిదేనంది హన్నమ్మ. నాగలి పట్టినవాళ్లకు గట్టు మీద బువ్వ పెట్టి విస్తళ్లు సాల్లో పడేశారట.

పున్నారావు ఆ విస్తరిని చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాడు. ఆయన రేగడి నేలల్లో పెరిగిన మనిషి. మంచి నేలలో విస్తరి వేస్తే ఒక్క వానకు ఆకు పోతుంది, రెండో వానకు పుల్ల పోతుంది. గోనెపట్టా కప్పెడితే యేడాదికి దారం దొరకదు. నేలకు ఆకలి ఉంటుంది. ఈ నేలకు ఆకలి చచ్చింది. మూడేళ్లుగా దీని నోట్లో ఉప్పు పోశారు. దీనికి ఏమిచ్చినా అరిగించుకోలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు దాచిపెడుతుంది.

డాక్టరు కాగితంలో మాటలు ఆయనకు గుర్తొచ్చాయి. ఒళ్లు ఎండి బిగిసి ఉంది. ఉబ్బు లేదు. వాసన దాదాపు లేదు. అందుకనే తాజా శవమన్నాడు డాక్టరు.

అప్పుడే గుర్రం డెక్కల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ కోదండపాణి గట్టు పక్కన గుర్రం ఆపి, దిగకుండానే గుంటలోకి తొంగి చూశాడు.

"ఏమయ్యా పున్నారావూ, కొలువు వదిలేసి కూలికి పోతున్నావా? ఎంతిస్తున్నారు రోజుకు?"

"నేల గట్టిదండీ. గిట్టుబాటు కాదు."

కోదండపాణి నవ్వి దిగాడు. ఒకప్పుడు పున్నారావు ఆయన కింద హెడ్డు కానిస్టేబులు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కడికే గర్వం. రేపు కోర్టులో తేలిపోయే కేసు కోసం ఈ ఎండలో ఎందుకు మాడుతున్నావని, ఆ ఆడమనిషి దగ్గర ఏముందని ఆశపడ్డావని ఇన్‌స్పెక్టరు ఎత్తిపొడిచాడు. పున్నారావు చేతిలో విస్తరి ఆయన ముందు పెట్టాడు. ముందటేడు పూడ్చిన విస్తరి ఇది, ఇంకా వడ్డనకు పనికొస్తుంది, చూడమన్నాడు.

"అయితే?"

"మే నెల ఎండల్లో రెండు రోజుల శవం ఎట్లా ఉంటుందండీ?"

ఇన్‌స్పెక్టరు విస్తరిని తిప్పి చూశాడు.

"మీరు ఎన్ని శవాలు చూశారో నాకు తెలుసు. అందులో సగం నేనే మోశాను. రెండు రోజులకు ఉబ్బి, చొక్కా గుండీలు తెగాలి. మైలు దూరాన ముక్కు మూసుకోవాలి. బ్రహ్మానందం ఒళ్లు ఎండుచేపలా ఉంది. ఆయన అప్పుడే చచ్చినవాడు కాడు. ఈ ఉప్పుమట్టిలో మాగినవాడు."

"డాక్టరు కంటే ఎక్కువ చదివావా నువ్వు?"

"డాక్టరుగారి దగ్గరికి శవం పోయింది గాని నేల పోలేదు గదండీ. ఆయన తప్పేం లేదు."

కోదండపాణి మొహంలో నవ్వు తగ్గింది. ఆయన దుర్మార్గుడే గాని తెలివితక్కువవాడు కాడు. బూటుకాలితో మడ్డిని ఒకసారి తన్ని చూశాడు. అయితే ఎప్పుడు చచ్చాడంటావన్నాడు. రైలు దిగిన రోజే అన్నాడు పున్నారావు. బుధవారం తరవాత ఆయన్ను చూశానని చెప్పేవాడు ఈ లోకంలో చిన్నకోటయ్య ఒక్కడే.

గట్టు మీద కోటయ్య లేచి నిలబడ్డాడు. పోవడానికి అడుగు పడలేదు.

పున్నారావు వెనక్కి తిరిగాడు. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పోలీసులు శనివారం గురించి అడిగారు, ప్లీడరు శనివారం గురించి అడిగాడు, తానూ ఇంతదాకా శనివారం గురించే అడిగాడు.

"హన్నమ్మా, బుధవారం మీ ఆయన ఎక్కడున్నాడు?"

హన్నమ్మ ఇన్‌స్పెక్టరు వంక చూసింది. తల దించుకోలేదు.

"ఈరి టేసన్లో."

గుర్రం తోక విసురుకుంది. తరవాత హన్నమ్మే చెప్పుకొచ్చింది. ఆదివారం గుడి నుంచి వస్తూ ఏలియా కాలవకు మట్టి అడ్డం వేశాడు. కబేలా మనుషులు కొట్టి స్టేషన్లో అప్పజెప్పారు. శుక్రవారం మాపటికి వదిలిపెట్టారు. ఆ నాళ్లన్నీ ఆమె స్టేషన్ బయట వేపచెట్టు కింద పడి ఉంది, పొద్దునా మాపూ సంకటి లోపలికి పంపుతూ. పొలం దిక్కు చూసిన మనిషి లేడు.

పున్నారావుకు అంతా కళ్లకు కట్టింది. చంపినవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. బుధవారం పూడ్చారు. ఏలియా ఇంటికి వచ్చేదాకా ఆగారు. వచ్చాక తవ్వి చూపించారు.

"సార్, ఇంక కేసే లేదు. చంపిన రోజు ముద్దాయి మీ తాళం వెనక ఉన్నాడు. ఆ మాట ఒక్కటి మీరు మేజిస్ట్రేటుతో చెబితే చాలు."

కోదండపాణి జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నంతసేపూ ఆలోచించాడు.

"ఏ తాళం? ఏలియా అనేవాణ్ణి నేను మొదటిసారి చూసింది శవం దొరికినాకే."

"స్టేషన్లో అందరూ చూశారు గదండీ."

"ఎవరు చూశారు? పిలువు, చెప్పమను. రాసుందా ఎక్కడన్నా?"

రాసి ఉండదని పున్నారావుకు తెలుసు. గోపాలకృష్ణయ్య కాస్త బుద్ధి చెప్పి పంపమని ఉంటాడు. బుద్ధి చెప్పడానికి కాగితం అక్కర్లేదు. ఆ పద్ధతిలో తానూ ఒకప్పుడు తాళం చెవులు పట్టుకొని తిరిగినవాడే.

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. ఇప్పుడు మాట్లాడింది పాత హెడ్డు కానిస్టేబులుతో.

"రాత లేకుండా ఒకణ్ణి అన్నాళ్లు కూర్చోబెట్టానని నా నోటితో చెప్పుకుంటే నా ఉద్యోగం పోతుందయ్యా."

"చెప్పకపోతే వాడి ప్రాణం పోతుంది."

"పోవడానికి వాడికి ఉద్యోగం లేదు గదా."

ఆ మాట అని గుర్రం ఎక్కాడు. సాయంత్రం బండికి సత్తెనపల్లి వెళ్లిపొమ్మని, రేపు కోర్టు ఆవరణలో కనపడితే సాక్షుల్ని బెదిరించాడని లోపల వేయిస్తానని, ఈసారి రాసే వేయిస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

హన్నమ్మ విస్తరిని తీసి మళ్లీ గుంటలో వేసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే పున్నారావుకు కాస్త సులువుగా ఉండేది. నిజం దొరికింది. ఆ నిజానికి సాక్షి ఒక్కడే, వాడు గుర్రమెక్కి పోయాడు. ఇక మిగిలింది ఒకటే దారి. చంపిందెవరో చూపించాలి, అదీ రేపటిలోగా.

ఆయన బండిబాట దాటి అవతలి చేలోకి నడిచాడు. అది చిన్నకోటయ్య మిరపతోట.

"అటెందుకండీ" అన్నాడు కోటయ్య వెనక నుంచి. "ఏలియాగాడి చెక్క ఇటుంది గదా."

పున్నారావు ఆగలేదు. తోటలో నిరుటి మిరపకట్టె నిలువుగా ఎండి ఉంది. మొదళ్లలో అదే తెల్లటి పొర. బూటు వేస్తే అదే అప్పడం చప్పుడు. ఆయన నిలబడి వెనక్కి చూశాడు. కబేలా కాలవ కింద ఉంది. కోటయ్య చేను మెరక మీద ఉంది.

"కోటయ్యా, నీళ్లు ఎగువకు పాకుతాయా?"

మరి నాలుగడుగులు వేస్తే సాళ్ల మధ్య మూరెడు చదరం కనపడింది. పై పొర నాలుగు పక్కలా కత్తితో కోసినట్టు తెగి ఉంది. లోపల మట్టి తిరిగి నింపారు గాని అతుక్కోలేదు. రైతు తీసే గుంట వంకరగా ఉంటుంది. ఇలా నిలువుగా చెక్కి, పక్క గోడలో పై నుంచి కిందికి ఒక పలక మట్టి తీసుకొని సంచిలో వేసుకునేవాళ్లు నేల పరీక్ష చేసేవాళ్లు. పక్క చేలో అలాంటిదే ఇంకొకటి. దాని పక్క చేలో మరొకటి. కనుచూపు మేర, ఒక్కో చేనుకు ఒక్కో చదరం. బ్రహ్మానందం ఏలియా చెక్క ఒక్కటే చూసి ఊరుకోలేదు. ఊరంతా తవ్వాడు.

"బండ్ల మీద తోలారు గదూ" అన్నాడు పున్నారావు. "కబేలా గుంటల్లోంచి మడ్డి తెచ్చి చల్లుకున్నారు. ఏలియా జొన్న రెండు నిలువులు లేచేసరికి కళ్లు కుట్టాయి."

చిన్నకోటయ్య మిరపకట్టె ఒకటి పీకి చేతిలో తిప్పాడు. ఇన్‌స్పెక్టరు వెళ్లిన దిక్కు ఒకసారి చూసుకున్నాడు. కోటయ్య భయం ఆ గుర్రంతో పాటే వెళ్లిపోయిందని పున్నారావుకు అప్పుడు అర్థమైంది. ఆ తాళం సంగతే లేదని ఇన్‌స్పెక్టరు అన్నాక ఇక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ఆ మడ్డిని నల్లెరువు అనేవాళ్లట. అది ఏమిటో ఎవరూ పేరు పెట్టి అనలేదు. చీకటిపడ్డాక బండ్లు కట్టేవాళ్లు, తెల్లారకముందే చల్లేవాళ్లు. గోపాలకృష్ణయ్య పట్టుకుపొమ్మన్నాడు, ఆయనకు గుంటలు ఖాళీ అయితే చాలు. ఒకడి చేలో మిరప పచ్చగా లేస్తే ఇంకొకడు రెండు బండ్లు ఎక్కువ తోలాడు. పగలు అదే మనుషులు భజన చేసుకొని, ఊరి పక్కన గోవులను కోస్తున్నారని, పాపమని తీర్మానం చేశారు. నిరుడు పూత రాలింది. ఆ తరవాత వేసినదానికి మొలకే రాలేదు. అప్పుడు అర్జీ పెట్టారు. కాలవ పారేది ఏలియా చెక్కలోకి గనక, వచ్చినవాడు అదొక్కటే చూసి, కబేలా తీయించేసి పోతాడనుకున్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అప్పుడు తట్టలేదు.

"కాళ్లు పట్టుకున్నామండీ" అన్నాడు కోటయ్య. "ఏలియాగాడి చెక్క గురించి ఎంతన్నా రాసుకోండి, మా చేల నంబర్ల జోలికి రావద్దన్నాం. ఆయన ఇన్లా. ఎవరి నేలని అడిగి రాయను, ఏముందో అది రాస్తానన్నాడు. ఒక్కో చేను నంబరు పక్కన పశువు నెత్తురు, పశువు ఎముక అని రాసి కలెక్టరుకు పంపితే, ఇంక మా గడప ఎవురు తొక్కుతారు? మా పిల్లను ఎవురు చేసుకుంటారు? ఊరు ఊరే వెలైపోయేది."

"పార ఎత్తింది ఎవరు?"

"ఎత్తింది ఒకడేనండీ." కోటయ్య కట్టెను విరిచి పారేశాడు. "వద్దన్నోడు మాత్రం ఒక్కడూ లేడు."

పున్నారావు తల ఎత్తి చూశాడు. ఎప్పుడు వచ్చారో, చుట్టూ గట్ల మీద మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరి గట్టు మీద వాళ్లు. కొందరి చేతుల్లో పారలున్నాయి. పైరు లేని చేలల్లో ఈ ఎండలో పారతో పని ఉండదు.

కోటయ్య వాళ్ల వంక చూడలేదు. పున్నారావును కూడా వదిలేసి, బాట దాటి వచ్చిన హన్నమ్మ వైపు తిరిగాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది. అదే భరించరానిది.

"ఏమే హన్నమ్మా. జరిగిందేదో జరిగింది. రేపు కోర్టులో ఆ శనివారం మాట నువ్వు కూడా అను. పెళ్లాం చెబితే ఇంక ఎవురూ తవ్వరు. ఉరి లేకుండా ద్వీపాంతర శిక్షతో పోయేట్టు మేం చూస్తాం. ఆ చచ్చిన చెక్కను వదిలేయి. ఊరంతా కలిసి నీకు రెండెకరాలు రాసిస్తాం. మంచి నేల."

హన్నమ్మ ఆయన మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా ఒక చుట్టు తిరిగింది. మిరపతోట చూసింది, దాని అవతలి చేను చూసింది, ఆ అవతలివి చూసింది. గట్ల మీద మనుషుల కాళ్ల కింద మెరుస్తున్న తెల్లటి పొరను, రైలు కట్ట దాకా ఉన్నదంతా చూసింది.

"మంచి నేల ఏదయ్యా?" అంది. "చూపించు, పోయి నిలబడతా."

చిన్నకోటయ్య చెయ్యి సగం లేచింది. ఏ వైపు చూపాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

గట్ల మీదివాళ్లు ఒక్కొక్కరే చేలోకి దిగడం మొదలుపెట్టారు. పున్నారావు హన్నమ్మ చేతిలోంచి గడ్డపార తీసుకొని, ఆమెకు వీపు ఆనించి నిలబడ్డాడు. నాలుగు దిక్కుల నుంచీ అడుగుల కింద నేల అప్పడంలా పగులుతున్న చప్పుడు దగ్గరవుతోంది.